నీళ్ల డాక్టరమ్మ

ఆ ఆసుపత్రిలో రెండో అంతస్తు చివర, తలుపు మీద 'చెప్పులు బయట' అని రాసి ఉన్న పెద్ద గదిలో ఆవిడ ఉద్యోగం. పద్ధతిగా చెప్పాలంటే ఇంటెన్సివ్ కేర్ డాక్టరు. వెనకాల అందరూ అనేది నీళ్ల డాక్టరమ్మ అని; మరీ ఒళ్లు మండిన రోజున నీళ్ల పిసినారి అని. రెండూ ఆవిడ చెవిన పడ్డాయి. దేనికీ అభ్యంతరం చెప్పలేదు. అభ్యంతరం చెప్పడానికి కూడా కాస్త ఓపిక ఉండాలి కదా.

చదువైన కొత్తలో ఆ గదిలో పని చెయ్యడానికి ఎవరూ ముందుకు రాకపోతే, "కొన్నాళ్లు చూడమ్మా, తరవాత మారుద్దాం" అని ఒక పెద్దాయన ఆవిడను అక్కడ వేశాడు. మారుస్తానన్న పెద్దాయన రిటైరయ్యాడు. ఆయన కుర్చీలోకి వచ్చినాయనా రిటైరయ్యాడు. ఆ 'కొన్నాళ్లు' మాత్రం ఇంకా పూర్తికాలేదు. ఈలోగా ఆవిడ జుట్టు నెరిసింది, మోకాళ్లు అరిగాయి, నిలబడి నిలబడి పాదాలు వెడల్పయ్యి పాత చెప్పులన్నీ పనిమనిషి పరమయ్యాయి.

ఆ గదిలో ఇంకో చిత్రం ఉంది. అక్కడ బతికి బట్టకట్టినవాళ్లకు ఆవిడెవరో తెలియదు. వాళ్లు ఆవిడ చేతుల్లో ఉన్నంతసేపూ ఒంటి మీద తెలివి ఉండదు. తెలివి రాగానే కింది వార్డుకు పంపేస్తారు. దండాలూ పళ్లబుట్టలూ అన్నీ కింది వార్డు డాక్టర్లకే. ఒకసారి కూరగాయల దుకాణం దగ్గర ఒకాయన ఆవిడను మోచేత్తో పక్కకు నెట్టి ముందుకెళ్లాడు. పోయిన చలికాలంలో ఆయన మంచం పక్కనే ఆవిడ కుర్చీ వేసుకుని తెల్లవార్లూ కూర్చుంది. ఆవిడ, మిట్ట ఎక్కి వచ్చినా ఆయాసం లేదే, బుగ్గలు కూడా నిండాయే అని మాత్రం చూసుకుంది.

ఇక ఆ పేరు సంగతి. ఒంట్లో విషం పాకి రక్తపోటు పడిపోయిన మనిషికి ముందు చేసే పని సెలైన్ ఎక్కించడం. అది అందరికీ తెలుసు, ఎవరైనా చేస్తారు. మొదట ఎక్కించినవి ప్రాణం నిలబెడతాయి. చిక్కంతా ఆ తరవాతే. ఇంకో సీసా పెడితే గుండె దాన్ని అందుకుని ముందుకు తోస్తుందా, తోయలేక వదిలేస్తే అది పోయి ఊపిరితిత్తుల్లో ఊరుతుందా? పైకి చూస్తే రెండు రకాల మనుషులూ ఒక్కలాగే ఉంటారు. అదే పడిపోయిన బీపీ, అదే పరుగెత్తే నాడి, అదే ఎండిన నాలుక. మత్తులో పెట్టి, ఊపిరి పూర్తిగా మిషనే నడుపుతున్నప్పుడు కాస్త నయం. మిషన్ కొలిచినట్టు ఒకే తీరున గాలి కొడుతుంది; ఆ ఊపుకి నాడి ఎంత ఊగుతోందో చూసి చాలావరకు చెప్పొచ్చు. తన ఊపిరి తానే పీల్చుకుంటున్న మనిషి దగ్గర ఆ లెక్క చెల్లదు. ఒక ఊపిరి లోతు, ఒకటి పైపైన, నడుమ ఓ దగ్గు, ఓ నిట్టూర్పు, పెళ్లాన్ని చూసి ఓ మాట. నాడి ఊగుతుంది గానీ ఎందుకు ఊగిందో దానికే తెలియదు.

అలాంటివాళ్లకు మిగిలిన ఉపాయం కాళ్లెత్తి చూడటం. సగం కూర్చున్నట్టు ఉన్న మనిషిని మంచంతో సహా వెనక్కి వాల్చి, కాళ్లవైపు పైకి లేపితే, కాళ్లలో నిలిచిన రక్తం గుండె వైపు జారుతుంది. మనిషి సొంత నీళ్లే మనిషికి అరువిచ్చి చూడటమన్నమాట. గుండె జోరందుకుంటే సెలైన్ పెట్టొచ్చు. అందుకోకపోతే కాళ్లు దించెయ్యడమే. అరువు ఎక్కడిది అక్కడికి పోతుంది, నష్టం లేదు. సీసాలోంచి ఎక్కించింది అలా వెనక్కి రాదు. "చెప్పులు కొనేముందు తొడుక్కుని రెండడుగులు వెయ్యమా, అలాంటిదే" అని పేషెంట్ల తాలూకు వాళ్లకు చెప్పేది అక్కడి పెద్ద నర్సు. ఆ నర్సు, డాక్టరమ్మ ఒకే ఈడు వాళ్లు. కీళ్లనొప్పుల మాత్రలు ఒకరి సంచిలోంచి ఒకరు అడక్కుండానే తీసుకుంటారు.

డాక్టరమ్మ భర్త ఊరి నీటి సరఫరా ఆఫీసులో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. "నేను వీధుల్లోకి వదిలేవాణ్ని, తను ఒళ్లలోకి వదుల్తుంది. మాది ఒకే డిపార్ట్‌మెంటు" అని ఇంటికి వచ్చినవాళ్లకల్లా చెబుతాడు. సాయంత్రం ఆవిడ గుమ్మంలో చెప్పులు విప్పుతుండగా వంటింట్లోంచి ఒక్క ప్రశ్న వేస్తాడు: "ఇవాళ వదిలావా, కట్టావా?" ఆవిడ ఒక్క ముక్కలో జవాబిస్తుంది. అంతకు మించి మాట్లాడుకునే ఓపిక ఇద్దరికీ లేని రోజులే ఎక్కువ.

మేస్త్రీ వచ్చిన రోజు కూడా అలాంటిదే.

మేస్త్రీ అంటే ఇళ్లు కట్టే మేస్త్రీ కాదు. ఇళ్లు మారేవాళ్ల సామాన్లు మోసే జట్టుకు మేస్త్రీ. బీరువాలు, మంచాలు, ఇరుకు మెట్ల మీద తిరగని సోఫాలు. మనిషి ముసలివాడైనా భుజాలు ఇంకా తలుపుకు అడ్డంపడేలా ఉన్నాయి. మూత్రంలో చీము పట్టి, అది రక్తంలోకి పాకి, జ్వరంతో సోలిపోతూ వచ్చాడు. కిడ్నీ డాక్టరు కింద చూసి, మందులు మొదలుపెట్టి, బీపీ నిలవకపోతే పైకి పంపాడు. కిడ్నీల మాట అలా ఉంచితే, ఊపిరితిత్తుల్లో సగం మేస్త్రీ ఎప్పుడో పొగకు రాసిచ్చేశాడు. మిగిలిన సగంతో, మాస్కులోంచి, ఈలలాంటి చప్పుడుతో తన ఊపిరి తాను లాక్కుంటున్నాడు.

అతని భార్య తలుపు దగ్గరే డాక్టరమ్మ చెయ్యి పట్టుకుంది. గట్టి చెయ్యి, గిన్నెలు తోమిన చెయ్యి.

"అమ్మా, ఏ మందైనా పెట్టండి. గొంతులో ఆ మిషన్ గొట్టం మాత్రం పెట్టకండి. మా బావగారికి పెట్టారు. పెట్టేముందు దాకా మాట్లాడుతూనే ఉన్నాడాయన. మళ్లీ మాట వినలేదు మేము. తనకు పెట్టనివ్వనని ఈయన నా చేత ఒట్టేయించుకున్నాడు."

"చూద్దామమ్మా" అంది డాక్టరమ్మ. ఆ గదిలో ఆవిడ ఎక్కువసార్లు అన్న మాట అదే అయివుంటుంది. అయితే ఈసారి ఆవిడకు ముందే తెలుసు: ఈ ఊపిరితిత్తులు ఒకసారి మిషన్‌కు అలవాటు పడితే మళ్లీ సొంతంగా పని చెయ్యవు. నీళ్లు తక్కువైతే కిడ్నీలు పోతాయి. ఎక్కువైతే ఊపిరి మునుగుతుంది, గొట్టం తప్పదు. రెంటికీ నడుమ దారి సన్నం.

మేస్త్రీకి దొరికిన మంచం మోటారు చెడిపోయి చాలాకాలమైంది. బాగుచేసేవాడికి కబురెళ్లిందని అందరూ అంటారు, వాడొచ్చాడని ఎవరూ అనరు. అందుకని పొద్దున్న మొదటిసారి చూసినప్పుడు చేతుల్తోనే కానిచ్చారు. ఒకరు తలవైపు దిండ్లు లాగేశారు, పెద్ద నర్సు రెండు మడమలూ పట్టుకుని పైకెత్తింది, డాక్టరమ్మ అతని ఛాతీ మీద స్కానింగ్ ప్రోబ్ ఆనించి తెర వైపు చూసింది. గుండె ఒక్కో దెబ్బకు ఎంత తోస్తోందో ఆ తెర మీద కొండల్లా కనబడుతుంది. కొండలు ఒక్కసారి ఎత్తు పెరిగాయి. మేస్త్రీ గొంతులో ఏదో మూలిగాడు.

"మనిషి ఇంత ఉన్నాడు గానీ కాళ్లు దూది మేడమ్. ఎత్తినట్టే లేదు" అంది నర్సు, మడమలు దించుతూ.

"జ్వరానికి చిక్కిపోయి ఉంటాడు" అంది డాక్టరమ్మ, తెర మీంచి కళ్లు తిప్పకుండానే. సీసా పెట్టించింది.

మధ్యాహ్నానికి బీపీ కాస్త లేచినట్టే లేచి మళ్లీ కూలబడింది. మూత్రం సంచి పొడిగానే ఉంది. ఈల చప్పుడు మారింది. వీపు మీద స్టెతస్కోపు పెడితే అడుగున తడి చప్పుడు, ఉడుకుతున్న అన్నంలాంటి చప్పుడు. ఆక్సిజన్ పెంచారు. మేస్త్రీ కళ్లు సగం మూసి, ఎవరితోనో ఏదో ఇంటి మెట్ల గురించి మాట్లాడుతున్నాడు.

అప్పుడే కిడ్నీ డాక్టరు పైకి వచ్చాడు. అతను, ఆవిడ ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నవాళ్లు. అందుకే మర్యాదలు ఎప్పుడో అటకెక్కాయి.

"ఏమ్మా పిసినారీ, నా కిడ్నీల్ని ఎండలో ఆరేస్తున్నావా?"

"నీ కిడ్నీలకని పంపు తిప్పితే పై వాటా మునుగుతోందోయ్. వీపు విను ఒకసారి."

అతను విన్నాడు. నవ్వు ఆగింది. "విన్నాను. కానీ చుక్క మూత్రం లేదు. ఇలాగే ఉంటే రేపు నేను రక్తం కడిగే మిషన్ పెట్టాలి. ఈ బీపీతో ఆ మిషన్ తట్టుకోడు. పోనీ ఇంకోసారి ఎత్తి చూడు. నీ తెర ఏమంటే అదే చేద్దాం."

మళ్లీ ఎత్తారు. మళ్లీ నర్సు చేతుల్లో కాళ్లు తేలిగ్గా లేచాయి. మళ్లీ మేస్త్రీ గొంతులో అదే చప్పుడు. తెర మీద కొండలు లేచాయి, పొద్దుటికన్నా ఎత్తుగా.

"చూశావుగా" అన్నాడు కిడ్నీ డాక్టరు. "అడుగుతోంది గుండె. ఇంకా ఆలోచిస్తావేం? పెట్టెయ్." కింద అతని కోసం జనం కూర్చుని ఉన్నారు. వెళ్లిపోయాడు.

నర్సు సీసా తెచ్చి స్టాండుకు తగిలించింది. డాక్టరమ్మ సెలైన్ గొట్టం మీది చక్రం మీద వేలు పెట్టింది. తెర ఒకటి చెబుతోంది, వీపు ఇంకొకటి చెబుతోంది. తెర ఖరీదైనది, కొత్తది. అది అబద్ధం చెప్పగా ఆవిడ చూడలేదు. వీపు కూడా చెప్పలేదు. ఇన్నేళ్లయినా ఇలాంటి చోట వేలు ఎటు తిప్పాలో తెలియకపోవడం ఆవిడకు సిగ్గుగా అనిపించే రోజులు పోయాయి. ఇప్పుడు అలసట ఒక్కటే మిగిలింది.

తెర పక్కన నిలబడ్డ మేస్త్రీ భార్య చిన్నగా నవ్వింది. ఏడుపుకు ముందు వచ్చే నవ్వు.

"పాపం, పనిలో ఉన్నాననుకుంటున్నాడమ్మా."

"ఏమన్నావమ్మా?"

"ఇందాక కాళ్లెత్తేటప్పుడు హుప్ అన్నాడు కదా. వినలా మీరు? బీరువా లేపేటప్పుడు అంటాడు. ఊపిరి బిగబట్టి హుప్ అని లేపుతాడు. ఇంట్లో ఓ బియ్యం మూట జరపనివ్వడు నన్ను. ఎదట ఎవరైనా ఏదైనా ఎత్తుతుంటే ఊరుకోలేడు. రెండో కొస ఆయనే పట్టాలి."

డాక్టరమ్మ చక్రం మీంచి వేలు తీసింది. మేస్త్రీ కడుపు మీద అరచెయ్యి ఆనించి, "సిస్టర్, ఆ కుడి మడమ కింద ఒక్క వేలు పెట్టు చాలు. ఎత్తకు" అంది.

నర్సు వేలు పెట్టింది. డాక్టరమ్మ అరచేతి కింద కడుపు చెక్కలా బిగిసింది. మేస్త్రీ గుండెల నిండా గాలి పీల్చి ఆపాడు. కాలు దానంతటదే గాల్లోకి లేచింది.

"హుప్" అన్నాడు మాస్కులోంచి, మర్యాదగా.

నర్సు నోరు తెరిచి డాక్టరమ్మ వైపు చూసింది. తెర అబద్ధం చెప్పలేదు. బీరువా ఎత్తే మనిషి గుండె జోరందుకోదా మరి? అందుకుంది, అందుకున్న సంగతే తెర చూపించింది. ఆ కాళ్లు ఎవరూ ఎత్తలేదు. రెండుసార్లూ మేస్త్రీయే ఎత్తుకున్నాడు. పరీక్ష మొత్తం ఒక్క షరతు మీద నిలబడి ఉంటుంది: మనిషి ఏ పనీ చెయ్యకూడదు. ఇన్నేళ్లలో ఆవిడ నొప్పికి కేకవేసినవాళ్లను చూసింది, చక్కిలిగిలి పుట్టి తన్నినవాళ్లను చూసింది. సాయం చేసినవాణ్ని చూడలేదు.

పొద్దున్న ఎక్కించిన సీసా లోపలే ఉంది. అది ఇక రాదు.

"ఆ మూల మంచం మోటారు పనిచేస్తుందిగా?" అంది.

"పనిచేస్తుంది. ముసలమ్మ ఉంది దాని మీద. సాయంత్రం కిందికి పంపాలి. స్ట్రెచర్ రావాలి."

"స్ట్రెచర్ కోసం నేను వెళ్తాను. నువ్వు ఈ సీసా ముట్టుకోకు. బీపీ నిలిపే మందు సన్నగా మొదలుపెట్టు."

ఆవిడ మోకాళ్లు పట్టుకుని మెట్లు దిగి, స్ట్రెచర్ ఉండాల్సిన చోట లేకపోతే ఇంకో చోట వెతికి, దాని మీద కూర్చుని ఫోన్ చూసుకుంటున్న ఇద్దరు మనుషుల్ని లేపి తీసుకొచ్చేసరికి గది కిటికీలో ఎండ పచ్చబడింది. ముసలమ్మను పంపించారు. మేస్త్రీని దుప్పటితో సహా ఆ మంచం మీదికి మార్చాలి. దుప్పటి అంచులు పట్టుకోగానే అతను మళ్లీ ఊపిరి బిగబట్టాడు.

"మీరు కాళ్లు వదిలెయ్యాలి బాబూ. మేమే ఎత్తుతాం. మీరేం చెయ్యొద్దు" అని నర్సు చెవిలో చెప్పింది. అతను తలూపాడు. ఊపి, మంచం అంచు పట్టుకుని తన వంతుగా లేచాడు.

"అలా చెబితే వినడు" అంది అతని భార్య. ముందుకొచ్చి మంచం మీదికి వంగింది. "ఏవయ్యా. ఇటు చూడు. ఇది మన సామాను కాదు."

మేస్త్రీ కళ్లు తిప్పాడు.

"మన బేరం కాదిది. వేరే జట్టు ఎత్తుతోంది. వాళ్ల మేస్త్రీ ఉన్నాడు వాళ్లకి. వేరే జట్టు సామాను మీద చెయ్యేస్తావా? ఎప్పుడైనా వేశావా?"

అతను కాసేపు ఆలోచించినట్టున్నాడు. తరవాత మంచం అంచు మీంచి వేళ్లు ఒక్కొక్కటిగా జారాయి. భుజాలు దిండులోకి కూరుకుపోయాయి. ఎప్పుడూ బిగిసి ఉన్న మనిషి వదులైతే ఎంత బరువుంటాడో దుప్పటి పట్టుకున్నవాళ్లకు అప్పుడు తెలిసింది. "అమ్మో" అంది నర్సు.

అతను కుదుటపడేదాకా ఆగారు. ఎవరూ ఒంటి మీద చెయ్యి వెయ్యలేదు. అతని భార్య మాత్రం తలమీద చెయ్యి వేసి, "వాళ్లదేలే, వాళ్లు చూసుకుంటారు" అంటూనే ఉంది. డాక్టరమ్మ ప్రోబ్ ఆనించి తలూపింది. నర్సు మీట నొక్కింది. మంచం మెల్లగా మూలుగుతూ తలవైపు దిగింది, కాళ్లవైపు లేచింది. తెర మీద కొండలు ఉన్నచోటే ఉన్నాయి. కాస్త ఆగి మళ్లీ చూసింది. అక్కడే ఉన్నాయి. అరువిచ్చిన నీళ్లే గుండెకు అక్కర్లేకపోయాయి. కొత్తవి ఏం చేసుకుంటుంది?

స్టాండు మీది సీసా నర్సు తీసేసింది. డాక్టరమ్మ కిందికి ఫోన్ చేసింది.

"కట్టేశాను. బీపీ మందు మీదే నడిపిస్తాను."

"తెర లేచిందిగా?"

"తెరని కాదు, ఎత్తినవాణ్ని చూడాల్సింది." సంగతంతా చెప్పింది. "పొద్దున్న సీసా నా పొరపాటు."

"రెండోది పెట్టమన్నది నేనేగా" అన్నాడు కిడ్నీ డాక్టరు. "సరే. రేప్పొద్దున్నకి చుక్క రాకపోతే మాత్రం..."

"తెలుసు."

ఇంటి గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే వంటింట్లోంచి మామూలు ప్రశ్న వచ్చింది.

"పొద్దున్న వదిలాను. సాయంత్రం కట్టాను."

ఆయన గరిటె చేత్తో పట్టుకునే బయటికొచ్చాడు. రెండు ముక్కల జవాబు ఆయనకు అలవాటు లేదు. "మధ్యలో మునిగిందా ఏమన్నా?"

"తెలీదు. పొద్దున్న చూడాలి."

నీళ్లు కట్టేసిన తరవాత కూడా వీధిలో తగ్గడానికి టైం పడుతుందని ఆయనకు తెలుసు. మోకాళ్లకు రాసుకునే మందు తెచ్చి పక్కన పెట్టి వెళ్లాడు. ఆవిడ దాని మూత తియ్యకుండానే కుర్చీలో నిద్రపోయింది.

మర్నాడు ఆవిడ గది తలుపు దగ్గరికి వచ్చేసరికి దారి మూసుకుపోయి ఉంది. చెడిపోయిన మంచాన్ని బాగుచేసేవాడు ఎట్టకేలకు వచ్చినట్టున్నాడు. ఇద్దరు మనుషులు దాన్ని తలుపులోంచి బయటికి లాగలేక అడ్డంగా ఇరికించారు. ఒకడు లాగుతున్నాడు, ఇంకొకడు అటే లాగుతున్నాననుకుని నెడుతున్నాడు. ఆవిడ సందులోంచి దూరి లోపలికి వచ్చింది.

ముందు మూత్రం సంచి చూసింది. అడుగున ముదురు రంగు నీరు, ఎక్కువేం కాదు. గొట్టంలో ఇంకొంచెం, దిగుతూ. అతని భార్య స్టూలు మీద, గోడకు తల ఆనించి, నోరు తెరిచి నిద్రపోతోంది. మాస్కులోంచి ఈల వినబడుతోంది. నిన్నటి తడి చప్పుడు పోలేదు గానీ పెరగలేదు. గొంతులో గొట్టం పడలేదు.

"కాళ్లవైపు దించరా" అన్నాడెవరో.

మేస్త్రీ. మాస్కు గడ్డం మీదికి లాక్కుని తలుపు వైపు చూస్తున్నాడు. కళ్లు తేటగా ఉన్నాయి.

"నిన్నే. ముందు కాళ్లవైపు దించి, పక్కకి తిప్పు. తలవైపు దానంతటదే వస్తుంది."

"నువ్వు పడుకో తాతా" అన్నాడు తలుపు దగ్గరివాడు. అన్నాడే గాని కాళ్లవైపు దించాడు. మంచం తిరిగి బయటపడింది.

ఆ చప్పుడుకు భార్యకు మెలకువ వచ్చింది. "వేరే జట్టని చెప్పానా?" అంది, కళ్లు తెరవకుండానే.

"చెయ్యెయ్యలేదుగా. నోరేగా వేసింది" అన్నాడు మేస్త్రీ. ఆయాసం వచ్చింది. డాక్టరమ్మ మాస్కు మళ్లీ ముక్కు మీదికి సర్దింది. అతను ఆవిడ వైపు కొత్తగా చూశాడు, ఇంటికి వచ్చిన చుట్టం ఎవరో పోల్చుకోలేనట్టు. ఆవిడకు అది అలవాటే. వంగి అతని వీపు వినాలని మంచం అంచు పట్టుకుని మోకాళ్లు మెల్లగా వంచింది. ఎముకలు టక్కుమన్నాయి.

మేస్త్రీ ఆ చప్పుడు విన్నాడు. ఆవిడ మోకాళ్లు చూశాడు, వెడల్పాటి పాదాలు చూశాడు.

"బరువులెత్తే పనా తల్లీ?" అన్నాడు మాస్కులోంచి.

"అలాంటిదే" అంది డాక్టరమ్మ.

"కూర్చో కాసేపు" అని, అతను తన కాళ్లు కొంచెం పక్కకు జరిపి మంచం మీద చోటిచ్చాడు. ఆ గదిలో పేషెంట్ల మంచం మీద కూర్చోకూడదని రూలు. అది పెట్టిందీ ఆవిడే. కూర్చుంది.